ఏడాది పదవులు, ఏళ్లనాటి అవసరాలు: సేవా క్లబ్బులకు మారుతున్న కాలం

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయనుకుంటే పొరపాటు. రోటరీ, లయన్స్ క్లబ్బుల సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆ రోజు నుంచి నెలాఖరు దాకా ఊరూరా కొత్త అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు పదవీ ప్రమాణం చేస్తూనే ఉంటారు. జాతీయ వైద్యుల దినోత్సవం, చార్టర్డ్ అకౌంటెంట్ల దినోత్సవం రెండూ జూలై 1నే రావడంతో కొత్త కార్యవర్గం తొలి కార్యక్రమం కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఒక వైద్యుడికి, ఒక ఆడిటరుకు శాలువాలు కప్పితే సేవా సంవత్సరం ప్రారంభమైనట్లే. అదే వారంలో వనమహోత్సవం పేరిట మొక్కలు నాటుతారు. మరునాడు పత్రికల జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది. అందులో ఒక పండ్ల పొట్లం, దాన్ని పట్టుకున్న ఎనిమిది చేతులు కనిపిస్తాయి. పొట్లం అందుకుంటున్న రోగి ముఖం మాత్రం ఎవరి భుజం వెనుకో ఉండిపోతుంది.

ఈ ఫొటోను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ అదే ఊళ్లో వేసవి బస్టాండులో చలివేంద్రం, ఇంట్లో మరణం సంభవించినప్పుడు దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా భౌతికకాయాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె, శ్మశానానికి చేర్చే వైకుంఠ రథం, అర్ధరాత్రి రక్తం కావాలంటే దాతను వెతికి పంపే ఫోన్ నంబరు, ముసలివారికి డబ్బు తీసుకోకుండా చేసే కంటి శస్త్రచికిత్స, వీటిలో ఎన్ని ఏదో ఒక క్లబ్బు చేతి మీదుగా నడుస్తున్నాయో లెక్క తీస్తే నవ్వు ఆగిపోతుంది. మునిసిపాలిటీ బడ్జెట్లో పద్దు లేని పనులివి. ప్రభుత్వ పథకాల జాబితాలోనూ కనపడవు. ఇవి ఆగిపోతే ధర్నా చేసేవారు ఉండరు. అవసరం పడిన ఇంటికి మాత్రం తెలిసి వస్తుంది.

అందుకే ఈ క్లబ్బుల ఆదాయ మార్గాలు, సభ్యత్వం, పనితీరు ఒకేసారి మార్పునకు లోనవుతున్న ఈ దశ వాటి సభ్యులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి తొలి రోటరీ సమావేశం జరిపారు. సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా కలుసుకునేవారు కనుక ఆ పేరు వచ్చింది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరినే చేర్చుకోవాలన్నది తొలినాటి నియమం. ఆ నియమం తర్వాత సడలినా, దాని ముద్ర మన పట్టణాల్లో ఇంకా ఉంది. ఒక డాక్టరు, ఒక వకీలు, ఒక రైసు మిల్లు యజమాని, ఒక హెడ్మాస్టరు, ఒక సినిమా హాలు యజమాని ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు చాలా ఊళ్లలో ఇదొక్కటే. 1917లో అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా ఏజెంటు లయన్స్ ఉద్యమానికి రూపమిచ్చారు.

భారత ఉపఖండంలోకి రోటరీ 1920లో కలకత్తా ద్వారా వచ్చింది. 1927లో లాహోర్, 1929లో కొలంబో, మద్రాసు, 1937లో ఢాకా, 1959లో కఠ్మాండూ ఆ బాట పట్టాయి. లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది. దొరల భోజన సమావేశాలుగా మొదలైన ఈ క్లబ్బులు స్వాతంత్ర్యానంతరం జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి తాలూకా ఊళ్లకు పాకాయి. కలకత్తాకు చెందిన నితీష్ లాహిరీ 1962-63లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడై, ఆ పదవి చేపట్టిన తొలి ఆసియా వాసిగా నిలిచారు. ఆ తర్వాత రాజేంద్ర సాబూ, కల్యాణ్ బెనర్జీ, శేఖర్ మెహతా ఆ పీఠమెక్కారు. లయన్స్ అధ్యక్ష స్థానంలోనూ భారతీయులు కూర్చున్నారు. నేడు అమెరికా తర్వాత రోటరీ సభ్యులు ఎక్కువగా ఉన్న దేశం భారత్. రోటరీ ఫౌండేషన్‌కు విరాళాలివ్వడంలోనూ మన దేశానిది రెండో స్థానమే. పుచ్చుకునే దేశంగా మొదలై ఇచ్చే దేశంగా మారిన ఈ పరిణామానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

ఈ క్లబ్బుల ఏలుబడిలో ఒక చిన్న చిత్రం ఉంది. వాటి ‘జిల్లా’లకు రాష్ట్రాల సరిహద్దులతో పని లేదు. రోటరీ 3160వ జిల్లాలో రాయలసీమ పట్టణాలూ, కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు ప్రాంతాలూ కలిసే ఉంటాయి. నీళ్ల పంపకంపై రెండు రాష్ట్రాలు వాదులాడుకుంటున్న రోజుల్లోనూ ఆ జిల్లా సభలో రెండు భాషలవారూ ఒకే గవర్నరు మాట వింటారు.

సేవా క్లబ్బులు ఏం సాధించగలవన్న ప్రశ్నకు దక్షిణాసియా ఇచ్చిన అతిపెద్ద జవాబు పోలియో. 1985లో రోటరీ ‘పోలియోప్లస్’ కార్యక్రమాన్ని ప్రకటించి 12 కోట్ల డాలర్లు సేకరించాలని సంకల్పించింది. 1988 నాటికి సమకూరినది దానికి రెట్టింపు, 24.7 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సభ పోలియో నిర్మూలనకు తీర్మానించింది. అప్పటికి ప్రపంచంలో ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలు ఆ వ్యాధితో కాళ్లు చచ్చుబడి మిగులుతున్నారని అంచనా.

మన దేశంలో 1994 అక్టోబరు 2న ఢిల్లీలో పల్స్ పోలియో చుక్కల కార్యక్రమం మొదలైంది. 1995 డిసెంబరు నుంచి దేశమంతటా విస్తరించింది. ఖర్చులో సింహభాగం భారత ప్రభుత్వానిదే. టీకా వేసింది ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, ఏఎన్‌ఎంలు. మరి క్లబ్బులు చేసిందేమిటి? ఆదివారం ఉదయం ఏడు గంటలకు బూతు తెరవడానికి బల్ల, షామియానా, మంచుగడ్డలు సమకూర్చడం, రిక్షాలో మైకు పెట్టి వీధుల్లో తిరగడం, సిబ్బందికి మధ్యాహ్న భోజనం పెట్టడం, చుక్కలు వద్దన్న ఇంటికి ఊళ్లో మాట చెల్లుబడి అయ్యే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని జిల్లాల ముస్లిం కుటుంబాల్లో టీకాపై అనుమానాలు పెరిగినప్పుడు రోటరీ నాయకులు ఉలేమాలతో కమిటీ ఏర్పాటు చేసి, మసీదుల ద్వారా విజ్ఞప్తులు చేయించారు. ఈ పనుల్లో ఏ ఒక్కటీ పెద్దది కాదు. కానీ ప్రభుత్వ యంత్రాంగం తనంతట తాను చేయలేని పనులన్నీ ఇవే.

2009లో దేశంలో 741 పోలియో కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ప్రపంచంలోని కేసుల్లో దాదాపు సగం మన దగ్గరే. 2010లో ఆ సంఖ్య 42కు పడిపోయింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో రెండేళ్ల బాలికకు సోకినదే చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పాతికేళ్లపాటు ఒకే పని పట్టుకుని కూర్చోవడం వల్ల దక్కిన ఫలితమది. ఈ పాతికేళ్లలో ఒక్కో క్లబ్బుకు పాతిక మంది అధ్యక్షులు మారారు. అయినా పని మారలేదు. ఈ సంగతికి మళ్లీ రావలసి ఉంటుంది.

శ్రీలంక అనుభవం మరింత విశేషమైనది. అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో టీకా దినాలనాడు ఉత్తర ప్రాంతంలో తుపాకులు మౌనం వహించేలా కాల్పుల విరామానికి మధ్యవర్తిత్వం నెరపిన బృందానికి నాయకత్వం వహించినవారు కొలంబో రోటరీ సభ్యుడు కె.ఆర్. రవీంద్రన్. ఆయన తర్వాత 2015-16లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు. ఏ పక్షానికీ చెందని, ఎన్నికల్లో పోటీ చేయని, ఊళ్లో నలుగురికీ తెలిసిన ముఖం ఉన్నవాడి మాట అలాంటి చోట చెల్లుతుంది.

ఆ మాట చెల్లని చోట ఏమవుతుందో పాకిస్థాన్, అఫ్గానిస్థాన్ చెబుతున్నాయి. ప్రపంచంలో సహజ పోలియో వైరస్ ఇంకా స్థావరం ఏర్పరచుకుని ఉన్న దేశాలు ఈ రెండే. 2011లో అబ్బోటాబాద్ దాడికి ముందు అమెరికా గూఢచారి సంస్థ టీకా కార్యక్రమాన్ని మాటున పెట్టుకుని సమాచారం సేకరించిందన్న నిజం బయటపడ్డాక, టీకా సంచీ భుజాన వేసుకున్న ప్రతి మహిళ మీదా అనుమానం పడింది. 2012లో వజీరిస్థాన్‌లో తాలిబన్ వర్గాలు టీకాలను నిషేధించాయి. ఆ తర్వాత టీకా కార్యకర్తలు, వారికి కాపలా ఉన్న పోలీసులు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2023లో ఆరు కేసులకు తగ్గిన పాకిస్థాన్‌లో 2024లో ఏకంగా 74 కేసులు బయటపడ్డాయి. 2025లో సంఖ్య తగ్గింది కానీ సున్నాకు చేరలేదు. మన దేశంలోనూ 2024లో మేఘాలయలో టీకా నుంచి ఉత్పన్నమైన వైరస్‌తో ఒక చిన్నారికి పోలియో సోకినట్లు తేలింది. పోలియో పని అయిపోయిందనుకుని బ్యానర్లు చుట్టి అటక మీద పెట్టేసిన క్లబ్బులకు అది హెచ్చరిక వంటిది.

ఈ పోరుకు రోటరీ ఇప్పటిదాకా 260 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చింది. రోటరీ ఏటా సేకరించే 5 కోట్ల డాలర్ల దాకా ప్రతి డాలరుకూ గేట్స్ ఫౌండేషన్ రెండు డాలర్లు జత చేస్తుంది. అమెరికా ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య రంగం నుంచి చేయి వెనక్కి తీసుకుంటున్న సమయంలో ఈ సొమ్ము విలువ పెరిగింది. తణుకులోనో, జగిత్యాలలోనో క్లబ్బు భోజనంలో తిరిగిన డబ్బా క్వెట్టా శివార్లలోని బిడ్డ నోట్లో పడే రెండు చుక్కలతో ముడిపడి ఉంది. ఆ ఇద్దరి మధ్య సరిహద్దు మూసుకుని ఉన్నా సరే.

కంటి వైద్యం విషయానికి వస్తే, 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలవమని పిలుపునిచ్చారు. నూరేళ్లు దాటిన ఆ పిలుపు పుణ్యమా అని లయన్స్ అంటే కంటి ఆసుపత్రి అన్న అర్థం మన ఊళ్లలో స్థిరపడిపోయింది.

పాతకాలపు కంటి శిబిరాల సంగతి పెద్దలకు గుర్తుంటుంది. బడికి సెలవులివ్వగానే బెంచీలు కడిగి, తరగతి గదినే ఆపరేషన్ థియేటరు చేసేవారు. ఒక్కరోజులో వంద మందికి శస్త్రచికిత్స జరిగిందని గర్వంగా చెప్పుకునేవారు. శుభ్రత లోపించి చూపు రావలసినవారికి కళ్లే పోయిన దుర్ఘటనలు దేశంలో ఒకటికి రెండుసార్లు జరిగాక, శిబిరంలో పరీక్షలు మాత్రమే చేసి, శస్త్రచికిత్సకు రోగిని అన్ని వసతులున్న ఆసుపత్రికి తరలించాలన్న పద్ధతి ప్రమాణమైంది. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దింది. వైద్యులు, పరికరాలు ఆసుపత్రివి. స్థలం, దండోరా, భోజనాలు, రోగులను పోగుచేసే బాధ్యత స్థానిక లయన్స్ లేదా రోటరీ క్లబ్బుది. ఎవరికి చేతనైన పని వారు చేయడం అనే ఈ విభజన ఎంత సరళమో అంత ఫలప్రదం. తెలుగు రాష్ట్రాల్లోనూ శిబిరాలు ఇప్పుడు చాలావరకు ఇలాగే సాగుతున్నాయి.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2006-07 సర్వేలో దేశ జనాభాలో ఒక శాతంగా ఉన్న అంధత్వం 2015-19 జాతీయ సర్వే నాటికి 0.36 శాతానికి తగ్గింది. యాభై ఏళ్లు దాటినవారి అంధత్వంలో ఇంకా 66.2 శాతానికి శుక్లమే కారణమని అదే సర్వే తేల్చింది కనుక శిబిరాలకు పని మిగిలే ఉంది. అయితే రానున్న కష్టం వేరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. మధుమేహం కంటి తెరను నెమ్మదిగా తింటుంది. దానికి ఒకరోజు శిబిరం, ఒక నల్ల కళ్లజోడు, ఒక గ్రూపు ఫొటో సరిపోవు. అదే మనిషిని ఏటా పిలిచి పరీక్షించాలి. రాకపోతే ఇంటికి వెళ్లి అడగాలి. ఏడాదికోసారి కార్యవర్గం, దాంతోపాటు ప్రాధాన్యాలు మారే సంస్థకు ఇది కొరుకుడుపడే పని కాదు.

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. పదవి ఏడాదికే పరిమితమన్న నియమం మంచి ఉద్దేశంతో పుట్టినదే. ఒక కుటుంబమో, ఒక పెద్దమనిషో సంస్థను సొంతం చేసుకోకుండా అది కాపాడింది. రోటరీలోనైతే పదవి కోసం ప్రచారం చేసుకోవడం, ఓట్లు అడగడం నిషిద్ధమని రాతపూర్వకంగా ఉంది. ఆచరణలో అది ఎంత మన్నన పొందుతోందన్నది సభ్యులకు తెలియని సంగతేమీ కాదు. కానీ ఈ ఏడాది గడువు ప్రతి అధ్యక్షుడినీ ఒకే దారి పట్టిస్తుంది. పాతవారు కట్టించినదాన్ని బాగు చేయించడం కంటే తన పేరుతో కొత్త శిలాఫలకం వేయించడమే అతనికి ఆకర్షణీయం. జూలైలో ప్రమాణం, ఆగస్టులో జెండా, అక్టోబరులో జిల్లా గవర్నరు రాక, ఫిబ్రవరిలో జిల్లా మహాసభ, మేలో లెక్కలు, జూన్‌లో వీడ్కోలు. ఈ మధ్యలో చేసిందే సేవ.

గ్రామాల్లో మంచినీటి శుద్ధి ప్లాంట్లు దీనికి నిదర్శనం. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో దాతలు, క్లబ్బులు, కంపెనీలు పోటీపడి ఆర్వో ప్లాంట్లు పెట్టించాయి. ప్రారంభోత్సవం నాడు గ్లాసు నీళ్లు తాగి ఫొటో దిగడం వరకూ అంతా సవ్యమే. పొర ఎప్పటికప్పుడు మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, వృథా నీరు పోయే దారి చూడాలి, నడిపే కుర్రాడికి జీతమివ్వాలి. ఈ నాలుగింటికీ ఏర్పాటు చేసిన చోట ప్లాంటు నడుస్తోంది. చేయని చోట తాళం తుప్పు పట్టింది. పేద మహిళలకు పంచిన కుట్టుమిషన్లు, బడికిచ్చిన కంప్యూటర్లు, నాటిన మొక్కలు, అన్నిటికీ ఇదే వరస. పంచిన లెక్క ప్రతి క్లబ్బు దగ్గరా ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయన్న లెక్క ఉన్న క్లబ్బు కనిపించడం అరుదు.

ఈ లోపాన్ని గుర్తించే రోటరీ ఫౌండేషన్ ‘గ్లోబల్ గ్రాంట్’ నిబంధనలను కట్టుదిట్టం చేసింది. పథకం విలువ కనీసం 30 వేల డాలర్లు, అంటే పాతిక లక్షల రూపాయలకు పైమాటే ఉండాలి. రెండు వేర్వేరు దేశాల క్లబ్బులు భాగస్వాములు కావాలి. స్థానికుల అవసరం ఏమిటో ముందుగా అంచనా వేయాలి. సొమ్ము అయిపోయాక పని ఎలా సాగుతుందో చూపించాలి. డయాలసిస్ యంత్రాలు, నవజాత శిశువుల వార్డులు, బ్లడ్ బ్యాంకులు ఈ మార్గాన వస్తున్నాయి. అయితే ముప్ఫై మంది సభ్యులున్న తాలూకా క్లబ్బుకు ఆ దరఖాస్తు నింపడమే గగనం. ఫలితంగా పెద్ద పనులు పెద్ద నగరాల క్లబ్బుల చేతికి, పండ్ల పొట్లాలు చిన్న ఊళ్ల క్లబ్బుల చేతికి మిగులుతున్నాయి. అవసరం మాత్రం తిరగబడి ఉంది.

డబ్బు సేకరణ పద్ధతులు మారిన తీరు ఒక సామాజిక చరిత్ర. ఒకప్పుడు కొత్త సినిమా బెనిఫిట్ షో వేస్తే ఏడాది ఖర్చు వెళ్లిపోయేది. సంగీత విభావరి, తంబోలా, ప్రకటనలతో నిండిన సావనీరు మిగతా లోటు పూడ్చేవి. ఆ సావనీర్లలో రైసు మిల్లులు, ఎరువుల కొట్లు, బట్టల దుకాణాలు ఇచ్చిన ‘శుభాకాంక్షలతో’ ప్రకటనలు చూస్తే ఆనాటి పట్టణ వ్యాపార చిత్రపటం కళ్లకు కడుతుంది. ఇప్పుడా దుకాణాల స్థానంలో గొలుసు దుకాణాలు వచ్చాయి. వాటి మేనేజరుకు ఐదు వేల రూపాయల ప్రకటన ఇచ్చే అధికారం కూడా ఉండదు.

ఆ ఖాళీని కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కొంత పూడ్చాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదికి 5 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి నికర లాభం ఆర్జించే కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలన్నది దాని సారాంశం. 2023-24లో ఈ పద్దు కింద దేశంలో 34 వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. ఇందులో వాటా కోసం క్లబ్బులు ట్రస్టులు నమోదు చేసుకున్నాయి. 2021 ఏప్రిల్ నుంచి అలాంటి ట్రస్టులకు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద ప్రత్యేక నమోదు తప్పనిసరైంది. నిధులు పెద్దవే. కానీ కంపెనీ తన ఫ్యాక్టరీ ఉన్న చోట, తనకు నచ్చిన పనికే ఇస్తుంది. ఊరి అవసరం చూసి తీర్మానం చేసుకునే క్లబ్బు క్రమంగా కంపెనీ పనులకు కాంట్రాక్టరుగా మారే ప్రమాదం ఇందులో ఉంది.

విదేశీ నిధుల దారి మరింత ఇరుకైంది. 2020 సెప్టెంబరులో సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, ఒక సంస్థ అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదలాయించరాదు. పరిపాలనా వ్యయం 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే ముందుగా రావాలి. అక్రమాలను అరికట్టడానికి కట్టుబాట్లు అవసరమేనన్న ప్రభుత్వ వాదనను తోసిపుచ్చలేము. అయితే డల్లాస్‌లోనో, లండన్‌లోనో ఉన్న తెలుగువారు తమ సొంతూరి బడికి మరుగుదొడ్లు కట్టించాలని పక్క పట్టణంలోని క్లబ్బుకు డబ్బు పంపాలనుకుంటే, ఆ క్లబ్బుకు సొంత నమోదు లేకపోతే దారి లేదు.

స్వదేశీ దాత విషయంలో మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. పన్ను మినహాయింపు కోసమైనా మార్చి నెలాఖరులో ఉద్యోగులు, డాక్టర్లు 80-జి రసీదు అడిగి మరీ విరాళమిచ్చేవారు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే సాధారణ విధానమైంది. అందులో ఆ మినహాయింపు లేదు. 2025-26 నుంచి ఆ విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం దాకా పన్నే లేకుండా పోయింది. మధ్యతరగతికి అది ఊరట. క్లబ్బు కోశాధికారికి మాత్రం విరాళం అడగడానికి ఉన్న ఒక మాట తగ్గింది. పాత విధానంలో ఉన్నవారికైనా 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు వర్తించదు. ప్రతి దాత వివరాలనూ ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో సమర్పిస్తేనే ధ్రువపత్రం వస్తుంది. రసీదు పుస్తకం, కార్బన్ కాగితం చాలిన రోజులు పోయాయి. పుణ్యానికి పద్దులు రాసే సభ్యుడైన ఆడిటరు ఉన్న క్లబ్బు అదృష్టవంతురాలు. జూలై 1న అతనికి కప్పే శాలువాకు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

ఇక సభ్యుల సంగతి. రోటరీలో మహిళలకు ప్రవేశం దయతో దక్కినది కాదు. కాలిఫోర్నియాలోని డువార్టే అనే చిన్న ఊరి క్లబ్బు 1978లో ముగ్గురు మహిళలను చేర్చుకున్నందుకు బహిష్కరణకు గురైంది. ఆ వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1987 మే 4న తీర్పు మహిళలకు అనుకూలంగా వచ్చింది. లయన్స్ ఆ ఏడాదే తలుపులు తెరిచింది. రోటరీ 1989లో ప్రపంచమంతటికీ నియమం మార్చింది. లయన్స్‌కు 2018లో, రోటరీకి 2022లో తొలిసారి మహిళలు అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు. మన పట్టణాల్లో ఇప్పటికీ చాలామంది మహిళలు ‘సభ్యుని సతీమణి’ హోదాలోనే సమావేశాలకు వస్తున్నారు. ప్రార్థన గీతం, స్వాగత పుష్పగుచ్ఛం వారి వంతు. 1924లో మాంచెస్టర్‌లో పుట్టిన ఇన్నర్ వీల్ వంటి మహిళా క్లబ్బులు నడుస్తున్న చోట చూస్తే, బాలికల రక్తహీనత, రుతుక్రమ ఆరోగ్యం వంటి విషయాలు, పురుషుల క్లబ్బులు పట్టించుకోనివి, కార్యక్రమాల జాబితాలోకి వచ్చాయి. బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టే ఏ అవసరం కంటికి ఆనుతుందన్నది ఉంటుంది.

వయసు మరో సమస్య. సమావేశ విశేషాల పత్రికలో పుట్టినరోజులు, పెళ్లిరోజుల పక్కన సంతాప తీర్మానాల సంఖ్య పెరుగుతోంది. ఊరికి వైద్యశాల తెచ్చిన తరం వెళ్లిపోతోంది. వారి పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, న్యూజెర్సీలోనో ఉన్నారు. ఊళ్లో ఉన్న యువకులకు సేవ పట్ల ఆసక్తి లేదనడం అన్యాయం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం, పడకల కోసం వాట్సాప్ బృందాలు కట్టి రాత్రింబవళ్లు పనిచేసింది వారే. వారికి నచ్చనిది వేరు. వేదిక మీద పన్నెండు కుర్చీలు, ఒక్కొక్కరి పరిచయానికి ఐదు నిమిషాలు, ఏటా కట్టవలసిన చందా, దానిలో విదేశీ ప్రధాన కార్యాలయానికి డాలర్లలో పోయే వాటా. రూపాయి విలువ తగ్గినప్పుడల్లా ఆ వాటా బరువెక్కుతుంది. దాంతో కొందరు సొంతంగా చిన్న బృందాలు పెట్టుకుంటున్నారు, మరికొందరు కులాల వారీ సేవా సంఘాల్లో చేరుతున్నారు. ఆ సంఘాలు చేసే మేలును కాదనలేము. అయితే అన్ని కులాలవారూ, మతాలవారూ ఒకే పంక్తిలో భోంచేసి ఒకే పనికి చందా వేసుకునే వేదికలు మన పట్టణాల్లో అసలే తక్కువ.

కొన్ని క్లబ్బులు మార్గాంతరం వెతుకుతున్నాయి. ప్రస్తుత అధ్యక్షుడు, గత అధ్యక్షుడు, రాబోయే అధ్యక్షుడు ముగ్గురూ కలిసి మూడేళ్ల ప్రణాళికకు సంతకం చేయడం ఒక పద్ధతి. ఆసుపత్రి, బ్లడ్ బ్యాంకు వంటి శాశ్వత పనులను ఏడాది కార్యవర్గం చేతి నుంచి తప్పించి, దీర్ఘకాల ధర్మకర్తలున్న ట్రస్టుకు అప్పగించడం మరొకటి. దేశంలో క్లబ్బుల పేరుతో దశాబ్దాలుగా నిలిచిన కంటి ఆసుపత్రులను పరిశీలిస్తే దాదాపు అన్నిటి వెనుకా ఇలాంటి ట్రస్టే కనిపిస్తుంది. విరాళంలో ఐదో వంతును నిర్వహణ కోసం బ్యాంకులో వేసి, దాని వడ్డీతోనే ఆర్వో పొర మార్చాలన్న తీర్మానానికి పెద్ద మేధస్సు అక్కరలేదు. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద పేరు ఒక వరుస కిందికి జరగడానికి ఒప్పుకునే అధ్యక్షుడు చాలు.

జూన్ 30న పదవి అప్పగించేటప్పుడు పాత కార్యదర్శి కొత్త కార్యదర్శికి ఒక ఫైలు ఇస్తాడు. అందులో సభ్యుల జాబితా, బ్యాంకు పుస్తకం, గంట, సుత్తి, జెండాల లెక్క ఉంటాయి. గతేడాది శిబిరంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారి పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు కూడా అందులో ఉన్నాయా అన్నది ఈ జూలైలో ప్రతి క్లబ్బూ తన తొలి సమావేశంలోనే చూసుకోగల విషయం.